వెచ్చమ్మ ఉన్నిగూడు

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ అంటే కాసేపు ఆలోచిస్తారు. వెచ్చమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇంటిదాకా వచ్చి దిగబెట్టి పోతారు. ఆ పేరు ఆమె చేయి పట్టుకున్నవాళ్లెవరో పెట్టి ఉంటారు. ఎంత చలికాలమైనా ఆమె అరచేతులు అప్పుడే మడత పెట్టిన దుప్పటిలా ఉంటాయి. పసిబిడ్డ కడుపునొప్పితో ఏడిస్తే పక్కింటి బాలింత మందుసీసా కన్నా ముందు ఆమె తలుపే తడుతుంది. "ఒక్కసారి ఆ చెయ్యి వెయ్యి పిన్నీ" అంటుంది.

ఆమె పనిచేసే లాండ్రీ ఒక పొడుగాటి గది. ఒక చివర బాయిలరు, రెండో చివర వీధి గుమ్మం, మధ్యలో ఇస్త్రీ బల్లలు. పైన కమ్మీకి వరసగా కోట్లు, చొక్కాలు వేలాడుతుంటాయి. ఆవిరిలో అవి మెల్లగా కదులుతుంటే ఎవరో జనం నిద్రలో నడుచుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. వెచ్చమ్మ వాళ్ల మధ్యే పెరిగింది, వాళ్ల మధ్యే జుట్టు నెరిసింది.

భర్తది వేరే లోకం. ఆయన నాటకాల హాల్లో లైట్లు వేసేవాడు. తెర వెనక నిచ్చెన మీద కూర్చుని ఒక మీట నొక్కితే తెల్లారేది, ఇంకో మీట నొక్కితే పొద్దుగూకేది. హాలు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, ఉన్న బల్బులనే తుడిచి మళ్లీ తుడిచేవాడు. అందరూ ఆయన్ని లైట్లాయన అనేవారు.

చలి ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం లైట్లాయన సంతనుంచి అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. పెట్టెకు చిల్లులున్నాయి. లోపల గోల.

"ఏంటండీ అది?" అంది వెచ్చమ్మ.

"గుడ్లు."

"గుడ్లు అరుస్తున్నాయేం?"

"కాస్త ఓపికపడితే పెడతాయి. ప్రస్తుతానికి పిల్లలు."

ఆమె మూత తీసి చూసింది. కోడిపిల్లలు, డజను దాకా ఉంటాయి. ఒక మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అన్నీ కలిసి ఒకే ప్రాణిలా వణుకుతున్నాయి.

"తల్లేది వీటికి?"

"తల్లెక్కడిదే, మిషన్లో పొదిగినవి. ఉండు, తల్లిని చూపిస్తా" అని ఆయన అటక మీదనుంచి పెద్ద ఎర్రబల్బు దించాడు. ఆయన మొహంలో ఆ ఉత్సాహం చూసి చాలాకాలం అయింది. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు.

గదిలో రంపపు పొట్టు పోసి, చుట్టూ అట్టలు నిలబెట్టి, పైన క్లిప్పుతో బల్బు బిగించాడు. గది మొత్తం ఎర్రగా మారింది. ఏ రాజు చచ్చిపోయే ఘట్టానికి వాడిన ఎరుపో అది. పిల్లలు వణకడం మానేశాయి. లైట్లాయన చేతులు దులుపుకున్నాడు.

కానీ వెచ్చమ్మకు మనసు కుదుటపడలేదు. బల్బు కిందవి ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. అంచున ఉన్నవి గోడకు అతుక్కుంటున్నాయి. తినడం, తొక్కుకోవడం, ఒకదాని తోక ఒకటి పీక్కోవడం, ఎంతసేపైనా ఇదే వరస. ఒక్కటీ కుదురుగా కన్ను మూయదు.

"వీటికి నిద్ర లేదండీ. ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే అనుకుంటున్నాయి."

"అలవాటు పడతాయిలే. నాటకాల్లో వేషం వేసేవాళ్లకి పడలా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే మనిషి.

ఆ వారంలోనే, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన వెచ్చమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఏదో మాడుతున్న వాసన. బట్ట ఏ క్షణాన గోధుమరంగుకి తిరుగుతుందో కంటికన్నా ముందు ఆమె ముక్కుకే తెలుస్తుంది. పరుగున లోపలికి వెళ్లేసరికి వేడికి క్లిప్పు వదులైపోయి, బల్బు పొట్టులో పడి ఉంది. దాని చుట్టూ నల్లటి వలయం పాకుతోంది. ఆమె తీగ పీకి బిందెడు నీళ్లు కుమ్మరించింది. పెరట్లో కుళాయి దగ్గర పిల్లల నీళ్లపళ్లెం కడుగుతున్న లైట్లాయన ఆ చప్పుడికి పరిగెత్తుకొచ్చాడు.

పొగ తేలిపోయాక చూస్తే పిల్లల్లో ఒకటి మాత్రం లేవలేదు. మిగతావి తడిసి, మూలకు చేరి, గొంతు చించుకుంటున్నాయి.

ఆయన ఆ ఒక్కదాన్నీ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గోడవారన చిన్న గొయ్యి తీసి పూడ్చి వచ్చాడు. వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"వణుకుతుంటే చూడలేక పెట్టానే."

"తెలుసండీ."

"క్లిప్పు ఒకసారి చూసుకోవాల్సింది. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకుని ఏం లాభం."

"ఆకులు తర్వాత పట్టుకుందురు గానీ, ముందు ఆ బియ్యం డబ్బా పట్రండి."

"ఇప్పుడు వంటా?"

"పట్రండి, చెప్తాను."

తడిపిల్లల్ని పొడిగుడ్డతో ఒత్తి, ఒడిలో పెట్టుకుని శాలువా కప్పేసుకుంది. జత పోయిన ఒంటరి మేజోళ్లు ఇంట్లో ఎన్నో ఉన్నాయి. ఆయనచేత వాటినిండా బియ్యం పోయించి, మూతులు కట్టించింది. ఇస్త్రీపెట్టె వేడెక్కాక కూర్చున్నచోటినుంచే ఆ సంచుల్ని పీట మీద అటు తిప్పి ఇటు తిప్పి మెల్లగా రుద్దింది. ఒక్కోటీ చెంపకి ఆనించుకుని చూసుకుంది. ఎక్కువైనదాన్ని పక్కన పెట్టింది, సరిపోయినదాన్ని శాలువాలోకి దూర్చింది. ఒడిలో గోల మెల్లగా తగ్గింది.

"ఎక్కడ నేర్చుకున్నావు ఇది?" అన్నాడాయన.

ఇస్త్రీపెట్టె మీదనుంచి కళ్లు తిప్పకుండానే వెచ్చమ్మ చెప్పింది.

అమ్మ పోయినప్పుడు ఆమెకు ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు. నాన్న ఆమెను మేనత్త దగ్గర వదిలి పనికోసం ఎటో పోయాడు. అత్త ఈ లాండ్రీలోనే ఇస్త్రీ చేసేది. ఎత్తుకోవడం, ముద్దుచేయడం ఆవిడకు తెలియదు. మాట కూడా గంజిపెట్టినట్టు బిరుసుగా వచ్చేది. వచ్చిన మొదటిరోజు పిల్ల ఏడుపు ఆపకపోతే, అత్త ఒక్క మాటా అనకుండా వెదురుబుట్టలో అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పట్లు పరిచి, అందులో పడుకోబెట్టి, పైన ఇంకో వెచ్చటి దుప్పటి కప్పింది. వీపుకు బరువుగా, చీకటిగా, సబ్బువాసనతో. బయట ఆవిరి బుసలు, ఇస్త్రీపెట్టెల చప్పుడు. దుప్పటి చల్లారగానే అత్త చెయ్యి వచ్చి ఇంకోటి మార్చేది.

"ఆ బుట్టలో నేను అమ్మ కడుపులోకి మళ్లీ పోయాననుకున్నానండీ. వెలుతురు కాదు నాకు కావల్సింది. వీపుకి ఏదో తగులుతూ ఉండాలి, అంతే."

లైట్లాయన బియ్యం డబ్బాకు మూత పెట్టాడు.

"ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా."

ఆయన లేచి అటక ఎక్కాడు. నాటకాల లైట్ల ముందు రంగుకాగితాలు బిగించే పాత ఇనుపచట్రాలు దించుకొచ్చాడు. "వీపుకి తగలాలి అన్నావు కదా. ఎంత ఎత్తు?" అని అడిగి, ఆమె చూపిన బెత్తెడు ఎత్తుకు వాటిని వంచి కట్టాడు. వెనకవైపు కాస్త తక్కువగా, ముందువైపు కాస్త ఎక్కువగా, చిన్న చూరులా తయారైంది. ఇస్త్రీబల్ల మీద పరిచే పాత ఉన్నికంబళిని ఆమె దానిమీద కప్పింది. ఆ కంబళి మీద వెచ్చటి బియ్యంసంచులు పేర్చి, పైన మందపాటి దుప్పటి వేసింది. వేడి కింద చూరులోకి దిగుతుంది, పైకి పోదు. చూరు గుమ్మానికి ఉన్నిపోగులు వేలాడదీసింది. వాటిలో ఒక పిల్ల మెడ చిక్కుకోబోతే పోగులన్నీ పీకేసి, కంబళి అంచునే వెడల్పు పేలికలుగా కత్తిరించి వదిలింది. తిండి, నీళ్లు చూరు బయట, చల్లటి చోట పెట్టారు. నీళ్లపళ్లెంలో పిల్లలు పడకుండా గోళీలు పరిచారు.

పిల్లల్ని తెచ్చి ముందు వదిలారు. అవి అటూ ఇటూ చూశాయి. ఒకటి పేలికల మధ్య తలపెట్టి, వెనక్కి వచ్చి, మళ్లీ పెట్టింది. ఈసారి రాలేదు. లోపలినుంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదది. గొంతులోనే దొర్లే సన్నటి గలగల. అది విని రెండోది వెళ్లింది, మూడోది వెళ్లింది. చివరికి బయట ఎవరూ లేరు. ఉన్నిచూరు ఊపిరి పీలుస్తున్నట్టు కొంచెం కొంచెం కదులుతోంది.

"ఏమైనా అంటున్నాయా?" అని లైట్లాయన గుసగుసగా అడిగాడు.

"పడుకున్నాయండీ."

ఆరోజునుంచి ఆ ఇంట్లో కాలం నడక మారింది. పొద్దు వాలితే గది చీకటయ్యేది, చీకటైతే పిల్లలు చూరులోకి చేరేవి. తెల్లారి కిటికీ బూడిదరంగుకు తిరిగాక ఒక్కొక్క ముక్కే పేలికల మధ్యనుంచి బయటికొచ్చేది. ఎండ ఒక పలకలా నేలమీద పడితే అందులో రెక్కలు చాపి, కాళ్లు చాపి, చచ్చిపోయినట్టు పడుకునేవి. వెచ్చమ్మ చూరు పక్కనే చాప వేసుకుని వాలేది. ఆ గలగల వింటుంటే కళ్లు మూతలు పడేవి. లాండ్రీ కోట్లన్నీ కమ్మీమీదనుంచి దిగి, మోకాళ్లమీద కూర్చుని, చూరులోకి తొంగి చూస్తున్నట్టు కల వచ్చేది. లేచేసరికి ఎవరో తనమీద దుప్పటి కప్పి ఉండేవారు. అదీ కాస్త వెచ్చబెట్టిందే.

బియ్యంసంచులు త్వరగా చల్లారుతున్నాయని లైట్లాయన రబ్బరు వేణ్ణీళ్ల తిత్తి కొనుక్కొచ్చాడు. తెల్లవారుజామున తానే లేచి, నీళ్లు కాచి, తిత్తి నింపి, దానికి గుడ్డ చుట్టి, చెంపకి ఆనించుకుని చూసుకునేవాడు. ఆమె నిద్ర నటిస్తూ ఓరకంట చూసేది. బల్బు ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఒక పిల్ల మాత్రం తిండి ముట్టకుండా కునుకుతూ ఉండేది. దాన్ని ఇంట్లో వదిలి పోవడానికి మనసొప్పక, వెచ్చమ్మ స్వెట్టరు జేబులో వేసుకుని లాండ్రీకి తీసుకుపోయింది. మధ్యమధ్యలో వేలికొసతో పంచదారనీళ్లు తాగించింది. పనిలో పడి, కాసేపు మడతబట్టల మీద పెట్టింది. అంతలో సంగీతం మాస్టారు కోటుకోసం వచ్చారు. ఆమె ఆ మడతల్లోంచి కోటు తీసి చేతికిచ్చింది. ఆయన కోటు చేతిలోకి తన చెయ్యి దూర్చబోయి ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, నా కోటు పాడుతోంది?"

"సంగీతం మాస్టారి కోటు పాడక ఏం చేస్తుందండీ" అని ఎవరో అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. మాస్టారు కోటు చేయి వంచితే పిల్ల జారి ఆయన అరచేతిలో పడింది. లాండ్రీ ఓనరమ్మ కేకలేస్తుందేమోనని వెచ్చమ్మ బిక్కచచ్చిపోయింది. కానీ ఓనరమ్మ కూడా పని ఆపి వచ్చింది. ఆవిరిలో అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే, ఆ పిల్ల తీరిగ్గా లేచి, మాస్టారి బొత్తాన్ని గింజ అనుకుని టకటకా పొడిచింది.

"ఆకలేస్తున్నట్టుందమ్మా దీనికి" అన్నారాయన. ఆ సాయంత్రం నుంచి అది తిండి వద్దనలేదు.

పిల్లలకు మెడలు సాగాయి. దూదిలోంచి ఈకలు పొడిచాయి. లైట్లాయన చూరు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు పెంచుతూ వచ్చాడు. తిత్తి పూటపూటా అక్కర్లేకపోయింది, తర్వాత రాత్రిళ్లకే సరిపోయింది. ఒక ఉదయం వెచ్చమ్మ పేలికలు పక్కకు తీసి చూస్తే లోపల ఎవరూ లేరు. అన్నీ చూరు పైకెక్కి, వరసగా, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. వెనువెంటనే కళ్లు చెమర్చాయి.

"ఏమైందే?"

"ఇక మనతో పనిలేదండీ వీటికి."

"నా కోడీ, నా కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్నావా?" అన్నాడు గానీ, ఆయనా చూరు దగ్గరనుంచి కదల్లేదు.

పిల్లల్ని పెరట్లోకి మార్చారు. కంబళి ఉతికి ఎండేశారు. గుడ్లు వచ్చాయి, పక్కింటి బాలింతకు, మాస్టారికి, ఓనరమ్మకు వెళ్లాయి.

మరుసటి చలికాలానికి ఆ పెట్టల్లో గోధుమరంగుది ఒకటి గూటిలోంచి లేవడం మానేసింది. దగ్గరికెళ్తే ఈకలన్నీ నిక్కబొడుచుకుని చేయి పొడిచేది. పొదగడానికి కూర్చుందని వీధి పెద్దావిడ చెప్పింది. మిషన్లో పుట్టిన దానికి ఎవరు నేర్పారో మరి. వెచ్చమ్మ దాని కింద గుడ్లు సర్ది, తినడానికి దగ్గర్లో నాలుగు గింజలు పెట్టి, ఊరుకుంది. లైట్లాయన రోజూ వెళ్లి దూరంనుంచే పలకరించి వచ్చేవాడు.

పిల్లలు బయటపడ్డ ఉదయం సన్నటి మంచు పడుతోంది. వెచ్చమ్మ పనికి బయల్దేరబోతూ పెరట్లోకి తొంగి చూసింది. పెట్ట రొమ్ము ఈకలు కదిలి, మధ్యనుంచి ఒక చిన్న తల బయటికొచ్చింది. మంచును చూసి మళ్లీ లోపలికి పోయింది. ఇంకోచోటినుంచి ఇంకో తల. పెట్ట గొంతులోనే ఏదో చెబుతోంది. ఈకల కిందనుంచి దానికి జవాబు వస్తోంది. ఆమె చేతిసంచి కింద పెట్టి గోడవారన కూర్చుండిపోయింది. లైట్లాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆరోజు ఆమె లాండ్రీకి ఆలస్యంగా వెళ్లింది. ఎప్పుడూ ఆలస్యం చేయని మనిషి కావడంతో, ఒంట్లో బాగాలేదా అని ఓనరమ్మ కంగారుగా అడిగింది. వెచ్చమ్మ విషయం చెప్పింది. ఓనరమ్మ గోడ మీద గడియారం వంక చూసి, బల్లలవంక చూసి, బాయిలరు మంట తగ్గించింది.

"పద, నేనూ చూస్తాను" అంది.