వదిన పేరున నా చీపురు

మా బస్తీలో బిడ్డ పుడితే సెలవు పెట్టడం అనేది లేదు. చీపురు చేతులు మారేది, అంతే. కలకత్తా శివార్లలో ఒక మునిసిపాలిటీలో రోడ్లూడ్చే పని మావాళ్లది. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. ఇంటి కోడలు పురిటికెళితే ఆడపడుచో తోడికోడలో ఆమె పేరున పనిలోకి వెళ్లేది. దాన్ని బదలీ అనేవాళ్లం. హాజరు వేసే సర్దారుకి సంగతంతా తెలుసు. ఆయన చీపుళ్లు లెక్కపెట్టుకునేవాడే గాని ముఖాలు చూసేవాడు కాదు.

అలా నేను మా వదిన పేరున ఊడ్చాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. తెలుగు బడిలో ఒకసారి తప్పి, మళ్లీ పదో తరగతి పరీక్షకి కట్టాను. కోపం ముక్కు మీదే ఉండేది. ఒక్క రోజు కూడా నాగా పెట్టకూడదని పంతం. వదినకి నొప్పులొచ్చిన పొద్దున అమ్మ ఆమెని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను చీపురు తీసుకుని పనికెళ్లాను. మధ్యాహ్నానికి మేనకోడలు పుట్టింది. ఆ రోజు హాజరు పట్టీలో వదిన పేరు పక్కన పడిన వేలిముద్ర నాదే. ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బిడ్డ పిడికెడు ఉంది. వదినకి నెత్తురు చాలా పోయింది, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాలి. ఇంతలో నా పరీక్షలు ముంచుకొచ్చాయి. అమ్మ తేల్చి చెప్పేసింది: "ఇరవైయొకటో దినం దాటితే కోడలు పనిలోకి ఎల్లిపోవాల. నాను ఐదుగుర్ని కన్నాను, ఏ కాన్పుకీ అంతకంటే ఇంట్లో కూకోనేదు."

మర్నాడు చూద్దును కదా, వదిన పాత చీర చింపి నడుముకి బిగించుకుని, వసారాలో చీపురు పట్టుకుని వంగడం అలవాటు చేసుకుంటోంది. రెండోసారి వంగినప్పుడు అలాగే కూలబడిపోయింది. నాకు ఒళ్లు మండింది. నా పరీక్ష కోసం ఆమెకా ఈ శిక్ష?

"ఆఫీసులో సెలవడుగుతాను," అన్నాను.

"ఒలే, నోరు ముయ్యి," అంది అమ్మ. "మనిసి రాదని తెలిస్తే ఆ సోట ఇంకొకర్ని ఎట్టేత్తారు. పురుడొచ్చిందని సెప్పుకుని ఎవులైనా పని పోగొట్టుకుంటారేటి?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడిగినా పెట్టేలా లేదు గనక, ఆసుపత్రి కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్లాను. ఆఫీసు గోడ మీద ఎర్ర రంగుతో శ్రామికుల హక్కుల గురించి బెంగాలీలో బారెడు రాసి ఉండేది. మా ఆడవాళ్లు రోజూ ఆ గోడకే చీపుళ్లు ఆనించేవాళ్లు. అది చదవడం వాళ్లలో ఒక్కరికీ రాదు.

లోపల గుమాస్తాగా ఒక బెంగాలీ దీదీ ఉండేది. ఆమెకీ నెలలు నిండాయి. పొట్ట అడ్డొచ్చి కుర్చీ బల్లకి దూరంగా జరుపుకుంది. నా కాగితం చదివి హాజరు పట్టీ తెరిచింది. ఆమె వేలు ఒక గడి దగ్గర ఆగింది. అది వదినకి కాన్పయిన రోజు గడి.

"బిడ్డ పుట్టిన రోజు మీ వదిన రోడ్డూడ్చిందా?" అని బెంగాలీలో అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది గాని బయటికి రాలేదు. "నేనూడ్చాను దీదీ," అన్నాను. "కావాలంటే రోడ్డు చూసుకోండి, ఎంత శుభ్రంగా ఉందో!"

గుమ్మంలో నిలబడ్డ సర్దారు ముఖం పాలిపోయింది. వదిన ఉద్యోగం, ఆయన ఉద్యోగం రెండూ నా వేలితోనే పోయాయనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

దీదీ కసరలేదు. పట్టీ చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు గదిలోకి నడిచింది. జరిగింది దాచకుండా చెప్పింది. ఆఫీసరు మండిపడి, వదినని పనిలోంచి తీసేయాలన్నాడు.

"అలాగే సార్," అంది దీదీ. "కానీ కాగితం మీద మరోలా ఉంది. కాన్పయిన ఆరు వారాలదాకా బాలింత చేత పని చేయించకూడదని చట్టం. ఈ పట్టీ చూస్తే మనం కాన్పు రోజు నుంచీ ఆమె చేత రోడ్డూడ్పిస్తున్నాం. అప్పుడు తప్పు ఆమెది కాదు, మనది."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత సర్దారుని పిలిచి ఇక మీదట బదలీ మాట వినబడకూడదని కేకలేసి, ఆ గడులన్నీ కొట్టేయించి, ప్రసూతి సెలవని రాయించి సంతకం పెట్టాడు. నేనూడ్చిన రోజులన్నీ ఒక్క గీతతో గల్లంతయ్యాయి. బాధపడలేదంటే అబద్ధం. ఒక నిముషం పడ్డాను.

"పన్నెండు వారాలు, జీతంతో," అంది దీదీ బయటికొచ్చాక. "ఉద్యోగం ఎక్కడికీ పోదు. సోమవారం నుంచి నేను తీసుకునేదీ ఇదే సెలవు. మీవాళ్లు ఒక్కరూ అడగరేం?"

ఆ తర్వాత మా బస్తీలో అడిగారు. అర్జీలు నేనే రాసిపెట్టాను. పరీక్ష కూడా గట్టెక్కాను, లెక్కల్లో అత్తెసరుగా. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఫీసుకెళ్లిన రోజు సాయంత్రం ఒక ఎత్తు.

ఇంటికొచ్చి, చట్టం ప్రకారం సెలవిచ్చామని ఆఫీసులో ఇచ్చిన కాగితం చదివి వినిపించాను. అమ్మ మళ్లీ చదవమంది. చదివాను.

"ఈ సట్టం నా కాన్పులప్పుడూ ఉండేదేటే?"

"ఉండేదమ్మా."

అమ్మ లేచింది. వదిన నడుముకి కట్టుకున్న గుడ్డ తనే విప్పి పక్కన పడేసింది. బిడ్డని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"పాలియ్యమ్మా," అంది. "తొందరేటీ నేదు."

మా అమ్మ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.