కళ్ళజోడు మరిచిపోయినవాళ్ళ ఊరికి బస్సులో

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మాట మారిస్తే ఊరుకోనని ముందే చెప్పాను. ఎనభైమూడు అక్టోబరులో మా చిన్నమ్మాయి సరళ ఫోన్ చేసి, పని చేజారిపోయేట్టుందని ఏడ్చింది. అమెరికాలో జార్జియా రాష్ట్రం దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో, నల్లవాళ్ళ యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. ఆ ఊరివాళ్ళ రక్తపోటు మీద ఆ ఊళ్ళోనే పరిశోధన జరగాలని మూడేళ్ళు కొట్లాడి ఒక గది, రక్తం దాచే ఒక ఫ్రీజరు సంపాదించింది. శనివారం సాయంత్రానికి రక్తమివ్వడానికి సంతకం పెట్టి నలభై మంది చేరకపోతే పనంతా పెద్ద యూనివర్సిటీకి పోతుంది. చేరింది ఆరుగురు. దానికింత వండిపెడదామని ఆ శనివారమే అట్లాంటాలో పెద్దమ్మాయి ఇంటి నుంచి బయల్దేరాను.

బస్సు ఉదయం ఆరున్నరకి, టిక్కెట్టు పదకొండు డాలర్లు. మేకన్‌లో ఇరవై నిమిషాలు ఆగుతుంది. అది దాటాక అన్నీ విచ్చిన పత్తిచేలు, వాటిమీద పొగమంచు. తెలుపు మీద తెలుపు పరుచుకుని, బస్సు నేలని వదిలేసి తేలుతున్నట్టుంది. ఊరిపేరు రాయించుకున్న చీటీ ఎక్కేటప్పుడే డ్రైవరుకి చూపించాను. నిద్రపొమ్మని సైగ చేశాడు. పదకొండింటికి బస్సాపి, వచ్చి భుజం తట్టాడు.

సరళ తిన్నగా చర్చి హాలుకి తీసుకెళ్ళింది. రంగుటద్దాల్లోంచి పడే వెలుగులో ముసలమ్మలు, ఒళ్ళో కాగితాలు బోర్లించుకుని, కలలో మనుషుల్లా కూర్చున్నారు. వంట చూసే రూబీ నాకు మొక్కజొన్న నూక జావ, ఆకుకూర పెట్టింది. ఉప్పు చాల్లేదు. సరళ ఒక్కొక్కరినీ సంతకం అడుగుతోంది. కళ్ళజోడు మరిచిపోయానంది ఒకామె. పక్కనామే అంతే. మూడో ఆమే అంతే.

"సూదంటే భయం వీళ్ళకి" అంది సరళ.

"సూది కాదే, కాగితం. పోస్టాఫీసులో కాగితం చేతికిచ్చినప్పుడల్లా నలభై ఏళ్ళు నేనూ ఆ మాటే చెప్పాను. కళ్ళజోడు సంచీలోనే ఉండేది."

నాకు చదువు రాదని దానికి తెలుసు. ఈ అబద్ధం తెలియదు. అందరి ముందూ కుర్చీ వేసుకుని, నాకు చదవడం రాదని వీళ్ళకి చెప్పి కాగితం మొత్తం పైకి చదవమన్నాను. చదివింది. రక్తం తీశాక ఏం తేలిందో ఎవరు చెబుతారని అడిగి, ఆ మాటా వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పించాను. ఉత్తరం వేస్తారట. రూబీ నవ్వింది. సరళ వెళ్ళి పైవాళ్ళకి ఫోన్ చేసింది. ఇంటికొచ్చి నోటితో చెప్పడానికి వాళ్ళని ఒప్పించి, ఆ మాట కాగితం మీద రాసి, అదీ చదివింది.

రూబీ గరిటె పక్కన పెట్టింది. "నాకూ రాదమ్మా డాక్టరూ. ముందు నా రక్తం తీసుకో."

అయిదింటికి నలభైముగ్గురు. వెళ్ళినవాళ్ళే ఇంకొందరిని పంపారు.

సాయంత్రం సరళ సంపాదించిన ఆ గదిలో కూర్చున్నాను. నిద్రపోతున్న గేదెలా ఫ్రీజరు సన్నగా బుసకొడుతోంది. ఫ్రీజరొస్తే పరిశోధన వచ్చేసిందనుకుంటారు చదువుకున్నవాళ్ళు. చదివి వినిపించే నోరు కూడా ఆ గదిలో ఉండాల్సిన సామానేనని నా వాదన. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ పత్తి మంచులో తేలుతూ వెళుతుంటాను. మీరు అటు వెళితే ఆదివారం తిరుగు బస్సు ఒక్కటే, మధ్యాహ్నం రెండింటికి. వెంట అమ్మనో అత్తనో తీసుకెళితే, కాగితం చేతికిచ్చి కళ్ళజోడు తెచ్చావా అని అడగకండి. పక్కన కూర్చుని చదవండి.