మెడలో టేపుతో వచ్చిన ఇంగ్లీషు మేష్టారు

మొన్న పంజగుట్టలో మా అన్నయ్య కూతురి ఫ్లాట్‌కి వెళ్ళాను. ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేసే పిల్ల. నేను వంటింట్లో పెసరట్లు పోస్తుంటే ల్యాప్‌టాప్ మూసేసి నవ్వుకుంటూ వచ్చింది. ఇంగ్లండులో వాళ్ళకు కొత్త మేనేజరు వచ్చాడట, ఆయన ఇంటిపేరు వాకరట. "తెగ నడుస్తాడేమో అత్తా" అంది. "నడక కాదే, తొక్కుడు. వాళ్ళ ముత్తాతలెవరో కొత్తగా నేసిన ఉన్ని గుడ్డను తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, దళసరిగా దగ్గరపడేదాకా కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఆ పని చేసేవాణ్ణి వాకర్ అనేవారు" అన్నాను అట్టు తిరగేస్తూ. పిల్ల నోరు తెరిచింది. తెరవదూ మరి? కొత్త ఫోను కొంటే దాన్ని ఆన్ చెయ్యడానికి తన దగ్గరికి పరిగెత్తుకొచ్చే అత్త, ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్లు విప్పి చెబుతుంటే! వెంటనే ఫోనులో వెతికి చూసుకుంది. నిజమేనని తేలాక, "నీకెవరు చెప్పారు?" అంది. మధురానగర్‌లో ఒక టైలరు చెప్పాడన్నాను. అట్లు చల్లారిపోయినా వదలకుండా ఆ కథంతా చెప్పించుకుంది.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల పక్క గోడకు సున్నం కనపడకుండా కంప్యూటరు కోర్సుల కరపత్రాలు. ఇంగ్లీషు నేర్పేచోట కూర్చున్నానన్న మాటే గాని, నా ఇంగ్లీషు 'గుడ్ మార్నింగ్' దగ్గర మొదలై 'ప్లీజ్ సిట్' దగ్గర ఆగిపోయేది. మాది పశ్చిమ గోదావరి. మా నాన్న పెళ్ళిళ్ళకు వండేవాడు. గాడిపొయ్యి తవ్వించి, గుండిగలెక్కించి, తుండుగుడ్డ నడుముకు బిగించి వెయ్యి మందికి వండిపెట్టిన మనిషి. ఆ మాట చెప్పుకోవడానికి నాకు నామోషీ. ఉద్యోగంలో చేరిన రోజు డైరెక్టరుగారు అడిగితే "మా నాన్నగారికి హోటలుందండీ" అనేశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాదెంత బాగా అతికిందంటే, నాన్న బస్సులో పంపిన లడ్లు ఆఫీసులో పంచినప్పుడు డైరెక్టరుగారు రెండు తిని, "మీ హోటల్లో స్వీటు మాస్టరు గట్టివాడేనమ్మా" అన్నారు. ఆ మాస్టరు మా నాన్నే. తలూపి డబ్బా మూసేశాను.

నేనుండే లేడీస్ హాస్టలు మధురానగర్‌లో. ఆ సందు మొదట్లోనే అన్న టైలరు కొట్టు. ఆయన్ని అందరూ అన్న అనే పిలిచేవారు, ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా. తెలంగాణలో నేతపని ఊరు ఆయనది. తండ్రి మగ్గం నేసేవాడట. పదో తరగతితో చదువాపి పట్నం వచ్చి కుట్టుపని నేర్చుకున్నాడు. మిషను పక్కన వదిన కూర్చుని కాజాలు కుట్టేది. నా బ్యాగు జిప్పు పోయిందని మొదటిసారి వెళ్ళాను. గోడకు తగిలించిన ఖాకీ కాగితపు కటింగుల మీద సుద్దతో ఇంగ్లీషు వాక్యాలు! ఐ యామ్ స్టిచింగ్, ఐ స్టిచ్‌డ్, ఐ హావ్ స్టిచ్‌డ్. ఇవేంటన్నా అని అడిగితే మిషను ఆపకుండానే చెప్పాడు. "కుడుతున్న అంటే చెయ్యి మిషన్ మీదున్నట్టు. కుట్టిన అంటే అయిపోయింది చెల్లె, ఆయన పట్కపోయిండు. హావ్ స్టిచ్‌డ్ అంటే కుట్టిన, గిదిగో హ్యాంగర్‌కున్నది, చూస్కో." మా ఇన్‌స్టిట్యూట్‌లో మూడు వారాల్లో బుర్రకెక్కనిది నా జిప్పు కుట్టేలోపు ఎక్కింది. హాస్టళ్ళు ఖాళీ చేసి వెళ్ళే కుర్రాళ్ళు వదిలేసిన గ్రామరు పుస్తకాలు తెచ్చుకుని, వాటిలోని అభ్యాసాలు ఒక్కటి కూడా వదలకుండా చేసేవాడు. ఆయన దగ్గర ఒక ఆచారం కూడా ఉండేది. ఇంటర్వ్యూకని చొక్కా కుట్టించుకున్నవాడు దాన్ని తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, తన గురించి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలి. తప్పు పోతే చొక్కా విప్పి మళ్ళీ హ్యాంగరుకు తగిలించేసేవాడు. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే ఉద్యోగం రాగానే మిఠాయి పొట్లంతో వచ్చేవారు.

ఇంటిపేర్ల పుస్తకం ఆయనకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు, రాసినవారి పేరు చిరిగిపోయింది. అందులో మగ్గం బొమ్మ కనబడి కొన్నాడు. తీరా చదివితే ఆ పుస్తకం నిండా ఆయన చుట్టాలే! వెబ్‌స్టర్ అంటే నేసేవాడు, డయ్యర్ అంటే రంగులద్దేవాడు, టేలర్ సరేసరి. వాకర్, ఫుల్లర్, టక్కర్ ముగ్గురూ గుడ్డ తొక్కేవాళ్ళేనని తెలిసిన రోజు నన్ను రోడ్డు మీదే ఆపి మరీ చెప్పాడు. "ఒక్కటే పని చెల్లె, దిక్కుకో పేరు. మీ దిక్కు ఏంటి అంటరు, మేం ఏంది అంటం, గట్లనే. వాళ్ళది సుత మన కథనే." ఆ సంబరం చూసి, మా నాన్న సంగతి ఆయన ఒక్కడికే నిజం చెప్పాను. ఆయన అదో విశేషమే కానట్టు, "వెయ్యి మందికా? ఉప్పు అందాజ ఎట్లనో అడుగు జర" అన్నాడు.

ఇలా ఉండగా మా గ్రామరు సారు చెప్పాపెట్టకుండా వేరే ఇన్‌స్టిట్యూట్‌కు పోయాడు. సాయంత్రం బ్యాచి గాల్లో వేలాడుతోంది. నాకు తెలిసినాయన ఒకరున్నారన్నాను. టైలరంటే గుమ్మం ఎక్కనివ్వరని, "మా అన్నయ్య వరసండీ, వరంగల్ వైపు కాలేజీలో చెప్పేవారు" అని మరో అబద్ధం అతికించాను. డెమో క్లాసు చెప్పమన్నారు. అన్నకు చెబితే మిషను ఆగిపోయింది. వదిన సూది పక్కన పెట్టేసి, "నిజంగనా?" అంది. క్లాసులో నిలబడి పాఠం చెప్పాలన్నది ఆయన ఎప్పటి కోరికో నాకు అప్పుడే తెలిసింది. అయితే అన్నా, ఒక్క మాట, అక్కడ కొట్టు సంగతి ఎత్తకు అన్నాను. ఆయన నా వంక చూసి, మళ్ళీ మిషను తొక్కాడు. ఊరందరికీ ఇంటర్వ్యూ చొక్కాలు కుట్టిన మనిషి, ఆ వారం మొదటిసారి తన కొలతలు వదిన చేత తీయించుకుని లేత నీలం చొక్కా కుట్టుకున్నాడు.

డెమో రోజు మెట్లెక్కి వచ్చాడు. చొక్కా దివ్యంగా ఉంది. చేతిలో అట్టలేని పుస్తకం. మెడలో టేపు! పొద్దున లేస్తూనే వేసుకునే అలవాటు, అది మెడలో ఉన్నట్టే ఆయనకు తెలియదు. నేను చూసేసరికి గదిలో అడుగు పెట్టేశాడు. నలభై మంది పిల్లలు, వెనక కుర్చీలో డైరెక్టరుగారు. ముందు రెండు వరసల్లో కిసుక్కుమన్నారు. ఇంతలో మూడో వరసలోంచి ఒకడు లేచి, "అన్నా, నా ప్యాంటు అయిందా?" అన్నాడు. గది ఘొల్లుమంది. డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. గుమ్మంలో నిలబడ్డ నేను, తీసేయ్ తీసేయ్ అని మెడ మీద చెయ్యి పెట్టుకుని సైగ చేశాను. అన్న చెయ్యి టేపు మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం దాన్ని పట్టుకుని నన్ను చూశాడు. తియ్యలేదు. రెండు కొసలూ సమానంగా సర్దుకుని, "బేస్తారం ఇస్త తమ్మీ. గిప్పుడు కూసో" అన్నాడు.

తర్వాత బోర్డు వైపు తిరిగి, మీకు తెలిసిన ఇంగ్లీషు ఇంటిపేర్లు చెప్పండన్నాడు. స్మిత్, బేకర్, కార్టర్, టేలర్, వాకర్, కుక్... పిల్లలు అరుస్తుంటే వరసగా రాశాడు. ఒక్కొక్కదాన్నే విప్పాడు. కమ్మరి, రొట్టెలు కాల్చేవాడు, బండి తోలేవాడు. టేలర్ దగ్గరికి వచ్చాక టేపు పైకెత్తి చూపించాడు. "గీయన నేనే. గా దేశంల పెద్ద పెద్దోళ్ళు సుత గీ పేరు మార్చుకోలే. తాత చేసిన పని తలమీద పెట్టుకొని తిరుగుతుండ్రు. మనకేం ఫికర్?" అన్నాడు. ఇక గ్రామరు పాఠం మొదలైంది. ఒక్కొక్కరూ లేచి ఇంట్లోవాళ్ళు చేసే పని ఒక్క వాక్యంలో చెప్పాలి. ప్యాంటు కుర్రాడే ముందుగా లేచి, "మై ఫాదర్ డ్రైవ్ ఆటో" అన్నాడు. అన్న తప్పు దిద్ది మళ్ళీ చెప్పించాడు. రెండు నెలలుగా నోరు విప్పని కిటికీ పక్క పిల్ల నిలబడి, "మై మదర్ రోల్స్ బీడీస్" అంది, ఒక్క తప్పు లేకుండా. గదిలో నవ్వు ఎప్పుడాగిపోయిందో నాకు తెలియలేదు. నలభై మందీ అయ్యాక అన్న గుమ్మం వైపు చూసి మెత్తగా అన్నాడు, "మేడం, మీరు సుత చెప్పుండ్రి."

డైరెక్టరుగారు చూస్తున్నారు. ఆ వాక్యం నా నాలుక చివరే ఉంది. "ఫోను మోగుతోంది" అని నేను బల్ల దగ్గరికి వచ్చేశాను. ఫోనేమీ మోగలేదు. బయటి బల్ల ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

క్లాసయ్యాక డైరెక్టరుగారు నాకు పెట్టాల్సిన చీవాట్లు పెట్టారు. "వరసకి అన్నయ్య అన్నావేంటమ్మా?" అంటే, "అందరం అన్ననే అంటామండీ" అన్నాను, ఇంకేం చెప్పను? ఆయన వ్యాపారస్తుడే గాని గుడ్డివాడు కాదు. అన్నను పిలిచి, కొట్టు మూసేసి వస్తే ఉద్యోగం ఇస్తాననీ, టైలరన్న మాట బయటికి రాకూడదనీ అన్నారు. "మూస్తే నేనేం జెప్పాలె సార్? నాకు ఇంగ్లీషు గా మిషన్ కాడనే వచ్చింది. కరపత్రంల టైలర్ అని రాయుండ్రి, లేకుంటే ఏం రాయకుండ్రి" అన్నాడు అన్న, చేతులు కట్టుకునే. ఆ బ్యాచి పిల్లలు మర్నాడు వచ్చి, అన్న సార్ ఎప్పుడొస్తారని నా బల్లను చుట్టుముట్టారు. డైరెక్టరుగారు కరపత్రంలో ఏమీ రాయకుండా ఆయన్ని తీసుకున్నారు. ఆరేళ్ళు చెప్పాడు అన్న, మెడలో టేపుతోనే. పిల్లలు నోటుపుస్తకంతో పాటు ఆల్టరేషన్‌కి ప్యాంట్లు కూడా పట్టుకొచ్చేవారు. అంత ధైర్యంగల మనిషిని నేను ఈ నగరంలో మరొకర్ని చూడలేదు. నేను ఉద్యోగం మానేసిన రోజు మెట్ల దాకా వచ్చి, "మీ సెంటెన్స్ ఒకటి మిగిలింది మేడం" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వేశాను. తర్వాత పెళ్ళి, కాపురం, ఊళ్ళు మారడం. ఇప్పుడా కొట్టున్న చోట ఫోన్లకు గాజు పలకలు అతికిస్తున్నారు. అన్న పోయాడని కిందటేడు వదిన ఫోను చేసింది.

నాన్న సంగతి తప్పించి చెప్పిన ఆ కథంతా విని మా అన్నయ్య కూతురు అడిగింది, "అత్తా, మనం ఇంగ్లీషువాళ్ళమైతే మన ఇంటిపేరేమయ్యేది?" ఈసారి ఫోను మోగుతోందనడానికి వీల్లేదు, అది నా చేతిలోనే ఉంది. "కుక్" అన్నాను. "తాతయ్యకి హోటలుండేది కదా?" అంది. మా అన్నయ్య కూడా నా అబద్ధమే వాళ్ళకు అప్పజెప్పాడన్నమాట. "హోటలూ లేదు, ఏమీ లేదు. మై ఫాదర్ కుక్డ్ ఎట్ వెడ్డింగ్స్. వెయ్యి మందికి" అన్నాను, అద్దం ముందు నిలబడ్డవాళ్ళలాగా నిటారుగా నిలబడి. ఆ పిల్ల, "వెయ్యి మందికా! ఏం బాగా వండేవాడు?" అంది. అంతే. ఇన్నేళ్ళు నేను భయపడింది ఈ ప్రశ్నకు! పనసపొట్టు కూర అని చెబుతుంటే నాన్న ఒంటి పొగవాసన ఆ వంటింట్లోకి వచ్చినట్టే అనిపించింది. అన్న నన్ను అడిగిన సాయంత్రం మా నాన్న బతికే ఉన్నాడు, ఎక్కడో ఏ పెళ్ళి పందిట్లోనో గరిటె తిప్పుతూనే ఉండి ఉంటాడు. చెప్పాల్సిన మాటకు తొందరేముందిలే అనుకుంటాం; మాట ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది గాని, అది విని మురిసిపోవాల్సినవాళ్ళు అన్నేళ్ళు ఆగరు.