షాండ్‌విచ్ అన్న పిల్ల

అమెరికాలో, జార్జియాలోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఆ ఏడాది ఒకటో తరగతి పిల్లనొకదాన్ని ఎదుగుదల లోపాలున్న పిల్లల స్పెషల్ క్లాసుకు మార్చాలని మా సైకాలజిస్టు నిర్ణయించేసింది. పిల్ల నోరు విప్పదు, విప్పినా మాటలు తప్పు. వాళ్ళది మెక్సికో, తల్లి కోళ్ళ ఫ్యాక్టరీలో పని. ఒకసారి ఆ గదికి పంపితే తిరిగి మామూలు క్లాసుకు రావడం ఎంత కష్టమో నేను చూసినదాన్నే.

బొమ్మలు చూపించి పరీక్ష పెట్టాను. ‘సన్’ అని శుభ్రంగా అంది. ‘సూప్’ కూడా. సాండ్‌విచ్‌ని మాత్రం ‘షాండ్‌విచ్’, సీషెల్‌ని ‘షీషెల్’ అంది. నాలుక తిరగనిదే అయితే ‘సన్’ ఎలా పలికినట్టు? మాటలో తర్వాత ఎక్కడో ష, చ ఉంటేనే మొదటి స మారుతోంది. ఆ వయసులో ఏ భాష పిల్లలైనా అప్పుడప్పుడూ అలా అంటారు, నిజమే. ఇది అప్పుడప్పుడూ కాదు, ప్రతిసారీ.

ఇంటికి వెళ్ళి పాత పాఠ్యపుస్తకాలు తిరగేశాను. దక్షిణ మెక్సికో కొండల్లో మాట్లాడే త్సొత్సిల్ అనే మాయా భాషకు ఈ అలవాటుంది. మనం పులి‘కి’ అంటాం, ఎద్దు‘కు’ అంటాం. ముందున్న అచ్చు వెనకదాన్ని తన దారికి తెచ్చుకుంటుంది. వాళ్ళ దగ్గర ఆ పని హల్లులు చేస్తాయి. వెనకాల ఉన్న ష గానీ చ గానీ, మధ్యలో వేరే అక్షరాలున్నా సరే, ముందున్న స ని తనలా మార్చేస్తుంది.

“ఏంటి, రేపు ఆ పిల్ల మీటింగ్‌లో మళ్ళీ ఫైటా?” అన్నాడు మా ఆయన గిన్నెలు కడుగుతూ.

“ఫైట్ కాదు. వాళ్ళది తప్పని చెప్తానంతే.”

“దాన్నే ఫైట్ అంటారు. కాస్త స్మైల్ చేస్తూ చెప్పు తల్లీ.”

“మీ అమ్మగారికి హాస్పిటల్లో హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని పెడితే మీరు స్మైల్ చేశారా?”

“అమ్మే చేసింది. అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి మందులన్నీ రాంగ్‌గా వేసుకుంది.”

మర్నాడు మీటింగ్‌లో ఆ పిల్ల తల్లీ అలాగే తలూపుతూ కూర్చుంది. ఒక పక్కన పిల్ల, ఇంకో పక్కన స్పానిష్ ఇంటర్‌ప్రెటర్. ఇంట్లో ఏ భాష అంటే “స్పానిష్” అంది. అబద్ధమాడిందనుకోను. తన మాట కూడా ఒక భాషేనని ఆమెకు ఎవరు చెప్పారు గనక? పైగా బడివాళ్ళకు ఏ జవాబు కావాలో ఆమెకు తెలుసు.

“ఈ పిల్ల మాట వినకపోతే ఇంట్లో ఎలా తిడతారో అడగండి” అన్నాను.

తల్లి ముఖం పాలిపోయింది. తిడుతుందని తెలిస్తే పిల్లను లాక్కుంటారనుకుందేమో. సరే, ముందు నేనే మొదలుపెట్టాను, పక్కా తెలుగులో. “ఒసేయ్, ఎన్నిసార్లు పిలవాలే నిన్ను? ఆ చెవులేంటి, కమ్మలు పెట్టుకోడానికేనా?”

సైకాలజిస్టు కళ్ళప్పగించి చూసింది. పిల్ల కిసుక్కుమంది. ఆ నవ్వు చూసి తల్లీ నవ్వింది. నవ్వి, వేలు చూపిస్తూ పిల్లను ఒక్క దులుపు దులిపింది.

“ఇది స్పానిష్ కాదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు” అన్నాడు ఇంటర్‌ప్రెటర్.

ఆ పిల్ల ఊరుకుందా! నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకోకుండా ఎదురు సమాధానం చెప్పింది. అదేమిటో మాకు తెలియదు గానీ, తల్లి మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి ఓడిపోయింది. చివరికి స్పానిష్‌లో, “ఇంట్లో దీని నోటికి మేం ఆగలేం” అంది.

సైకాలజిస్టు పెన్ను కింద పెట్టింది. చెడ్డమనిషేం కాదు, మూడు స్కూళ్ళు ఒక్కతే చూసుకునేది. ఆ భాష వచ్చినవాళ్ళను ఫోన్‌లోనైనా పట్టుకుని మళ్ళీ పరీక్ష చేద్దామనీ, అందాకా పిల్లను కదపొద్దనీ తనే అంది. రాత్రంతా నేను నూరుకున్న వాదనలన్నీ వృథా అయ్యాయి.

“సోమవారం ఏ గదికి పంపాలి?” అని తల్లి అడిగింది.

“ఇప్పుడున్న గదికే.”

ఇంటర్‌ప్రెటర్ దాన్ని స్పానిష్‌లోకి మార్చేలోపే పిల్ల తలుపు తీసుకుని తన క్లాసు వైపు పరుగెత్తింది. కుర్చీ మీద వదిలేసిన జాకెట్ పట్టుకుని తల్లి వెనకే వెళ్ళింది, కారిడార్ పొడవునా తన భాషలో గట్టిగా కేకలేస్తూ.