పేరు చెరిగిన చిప్

ఈ సంగతిని రాసి ఉంచడం నా బాధ్యత. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించాను. "చిప్ మీద అచ్చయిన నంబరే దాని పేరు; ముందు అది చదవండి" అని ప్రతి తరగతికీ చెప్పాను. ఆ పాఠం తప్పు కాదు, అసంపూర్ణం. అది అసంపూర్ణమని నాకు తెలియజెప్పినది నా దగ్గరే చదువుకున్న అమ్మాయి. పాఠం విన్నవారికి సవరణ కూడా చేరాలి.

అది నేను పదవీ విరమణ చేసిన మూడో ఏటి వేసవి. షమీమ్ డిప్లొమా ముగించి మార్కాపురంలో రిపేరు దుకాణం నడుపుతోంది. ఆమెకు వచ్చే పనిలో ఎక్కువ భాగం పలకల ఫ్యాక్టరీలది. రాతిని కోసే యంత్రాన్ని అదుపు చేసే సర్క్యూట్‌ను కంట్రోలర్ బోర్డు అంటారు. కోత దగ్గర నీళ్లు, రాతి పొడి కలిసి బురదై, ఆ బోర్డు మీద ఎండి పెచ్చు కడుతుంది. దాని కింద ఏ చిప్ ఉన్నదో కంటికి కనిపించదు.

ఒక ఉదయం షమీమ్ ఫోన్ చేసి, "సార్, మీరొకసారి రావాల" అన్నది. గిద్దలూరు నుంచి బస్సెక్కి వెళ్లాను. దుకాణం ముందు రంగారెడ్డి అనే పలకల ఫ్యాక్టరీ యజమాని, ఆయన వెనుక మరో ముగ్గురు ఫ్యాక్టరీల వారు నిలబడి ఉన్నారు. షమీమ్ బాగుచేసిన ఆయన బోర్డు పది రోజులు నడిచి ఆగిపోయింది. ఆయన దానిని పొదిలిలో మరో మెకానిక్‌కు చూపించాడు. చిప్ మీద అక్షరాలు లేవు కాబట్టి అసలుది తీసి పాతది పెట్టారని ఆ మెకానిక్ తేల్చాడట.

"మీ శిష్యురాలే గదా సార్, మీరే చెప్పండి" అన్నాడు రంగారెడ్డి. "పేరు లేని చిప్ ఏంది? దొంగబండికి నంబరు చెరిపినట్ల చెరిపింది."

"థిన్నర్‌తో తుడిచినా అన్నా. మీ బురద పోవాలంటే గట్టిగా రుద్దాల్సి వచ్చింది, అక్షరాలు కూడా పోయినాయి. ముందే ఫోటో తీయకపోవడం నా తప్పే. చిప్ మాత్రం మార్చలే."

"మాటలకేముందిలేమ్మా. బోర్డు నీ చేతిలో పెట్టి పోతాం. లోపల ఏం తీస్తావో మాకేం కనిపిస్తాది?"

వెనుక ఉన్న ముగ్గురూ తలలు ఊపారు. ఆ ముగ్గురి బోర్డులూ అక్కడికే వస్తాయి. వారు మానుకుంటే దుకాణం మూయవలసిందే. దాచడం నా పద్ధతి కాదు కనుక చెబుతున్నాను: ఆ క్షణాన నాకూ అనుమానం కలిగింది.

"రుజువు ఉన్నదా?" అని అడిగాను.

"ఉంది సార్. పేరు పోయింది గానీ వేలిముద్ర పోలేదు."

ఆమె చెప్పినది ఇది. చిప్‌లోని మెమరీలో వేల గదులుంటాయి. ప్రతి గదికీ రెండు పక్కలు. రెండింటినీ సమానంగానే తయారు చేస్తారు, కానీ ఏ రెండూ అచ్చంగా సమానం కావు. కరెంటు ఇవ్వగానే, ప్రోగ్రామ్ మొదలుకాక ముందే, ప్రతి గదీ తన సహజమైన మొగ్గు ప్రకారం సున్నా వైపో ఒకటి వైపో ఒరుగుతుంది. ఆ వరుస ఒక చిప్‌కు ఉన్నట్టు మరొక చిప్‌కు ఉండదు. తయారుచేసినవాడు కూడా దానిని కావాలని మళ్లీ సృష్టించలేడు. ఒకే రకం బోర్డులు నాలుగు ఫ్యాక్టరీల నుంచి వస్తాయి కాబట్టి, ఒకరిది మరొకరికి పోకూడదని, ఏ బోర్డు వచ్చినా మొదట ఈ వరుసను చదివి యజమాని పేరుతో కంప్యూటర్‌లో దాచడం ఆమె అలవాటు. ఇది నేను నేర్పినది కాదు.

"ఆమె చేతితో వద్దు, నేనే చదువుతాను" అన్నాను. బోర్డుకు కరెంటు ఇచ్చాను. చిప్ పనిచేస్తున్నదని తెలిసింది. ఆపి, వెంటనే మళ్లీ ఇచ్చి మెమరీని చదివి, బోర్డు వచ్చిన రోజు తేదీతో ఆమె దాచిన వరుసతో పోల్చాను. చాలా చోట్ల తేడా వచ్చింది.

"సరిపోలేదు" అని అందరి ముందూ ప్రకటించాను.

"చూసినావా!" అన్నాడు రంగారెడ్డి.

షమీమ్ గొంతు పెంచలేదు. "సార్, మీరు ఆపిన వెంటనే ఆన్ చేసినారు. కెపాసిటర్లలో కరెంటు ఇంకా ఉంది. ప్రోగ్రామ్ రాసినదే మెమరీలో మిగిలింది, మీరు దాన్నే చదివినారు. పది నిమిషాలు ఆగాల."

కెపాసిటర్ కరెంటును కాసేపు నిలువ ఉంచుకునే భాగం. దాని గురించి ఏటా వారం రోజులు పాఠం చెప్పినవాడిని నేను. కుర్చీలో కూర్చుని, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు ఆగాను. మళ్లీ చదివాను. నూటికి నాలుగైదు గదులు తప్ప అన్నీ కలిశాయి.

"ఆ నాలుగైదు ఎందుకు కలవలే?" అన్నాడు రంగారెడ్డి. మంచి ప్రశ్న.

షమీమ్ అదే రకం కొత్త చిప్ ఒకటి తీసి చదివి చూపింది. దాదాపు సగం గదులు తేడా. "రెండు పక్కలూ దాదాపు సమానమైన గదులు ఒక్కోసారి ఒక్కో వైపు ఒరుగుతాయి అన్నా. అవి కొన్నే. వేరే చిప్ అయితే ఇట్ల సగం పోతాది."

రంగారెడ్డి రెండు అరచేతులూ కలిపి, విడదీసి చూసుకున్నాడు. "రాయిని చీలిస్తే ఆ రెండు ముఖాలూ ఒకదానికొకటే అతుకుతాయి. అంచున పెళ్లలు రాలినా అతుకుతాయి. పక్క రాయిది తెచ్చి పెడితే అతకదు. అంతేనా?"

"అంతే అన్నా."

నా తరగతిలో ఏ విద్యార్థీ ఇంత త్వరగా గ్రహించలేదు.

"మరి ఎందుకు ఆగిపోయింది?"

ఆమె వైర్లు తగిలించే కనెక్టరును భూతద్దం కింద చూపింది. దాని లోపల కొత్త బురద. "బోర్డు ఉండే పెట్టె మూత తీసి పైపుతో కడిగినారా?"

"కడగకపోతే ఎట్ల?"

"మూత వేసి కడగండన్నా. మిమ్మల్ని కూడా నోరు తెరిపించి కడిగితే మీరూ ఆగిపోతారు."

వెనుక ముగ్గురూ నవ్వారు. రంగారెడ్డి వారి వైపు తిరిగి, "చిప్ నాదే. తొందరపడినా" అన్నాడు.

"తొందరపడింది మీరొక్కరే కాదులే అన్నా" అన్నది షమీమ్. ఆమె నా వైపు చూడలేదు. చూడవలసిన అవసరమూ లేదు. ఆ ముగ్గురిలో ఒకాయన సంచిలోంచి తన బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దానిని తుడవలేదు. ముందు ఫోటో తీసింది, తర్వాత వరుస చదివి ఆయన పేరుతో దాచింది.

పైన అచ్చయిన పేరు ఒక తుడుపుకు పోతుంది, లోపలి తీరు పోదు. కానీ దానిని చదివేవారికి ఓర్పు కావాలి. నేను నేర్చుకున్నది ఇదే, నేర్చుకున్నది నా విద్యార్థిని దగ్గర. నలుగురి ముందు తప్పు తీర్పు చెప్పినవాడినే ఇది రాశాను కాబట్టి, ఇందులోనూ పొరపాట్లు ఉండవచ్చు. తెలిసినవారు నిస్సంకోచంగా సరిదిద్దవలసిందిగా ప్రార్థన. ఈసారి బదులు చెప్పే ముందు పది నిమిషాలు ఆగుతాను.