నేను వద్దన్న క్యాబిన్

కొన్నేళ్లుగా నేనొక మంచిపేరు మోస్తున్నాను. చెడ్డపేరైతే ఎవరితోనో పోట్లాడి దులుపుకునేదాన్నేమో. ఇది మంచిపేరు. నాది కాదు. పోయిన వారం వసుంధర ఫోన్ చేసి, దాన్ని మళ్లీ తెచ్చి నా నెత్తిన పెట్టింది. ఇక నావల్ల కాదు. విసుగొచ్చేసింది. ఆమె మీద కాదు, నా మీద. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెప్తున్నాను.

మేముండేది మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో. మా స్నేహితుల గుంపులో ఎక్కడికి వెళ్లాలన్నా ప్లానింగ్ నాదే. ఎవరూ నాకు అప్పగించలేదు. మొదటిసారి ఎవరూ ముందుకు రాకపోతే నేను చేశాను, అంతే, అదే నా ఉద్యోగమైపోయింది. ఆ ఏడాది సెప్టెంబరు స్కూలు సెలవుల్లో గ్రేట్ ఓషన్ రోడ్ మీద సముద్రం పక్కపక్కనే కార్లలో వెళ్దామని, దారిలో హాలిడే పార్కుల్లో ఆగుదామని అనుకున్నాం. హాలిడే పార్కంటే ఒకవైపు చిన్న చిన్న క్యాబిన్లు, ఇంకోవైపు కారవాన్లూ టెంట్లూ వేసుకునే గడ్డి నేల, మధ్యలో అందరికీ కలిపి స్నానాల గదులు, పిల్లలు ఎగరడానికి పెద్ద గాలిదిండు. మా పిల్లలకు ఆ గాలిదిండు ఉంటే చాలు, సముద్రం లేకపోయినా ఫరవాలేదు.

పెద్దవాళ్లతోనే వచ్చింది చిక్కు. ఒకరికి కిటికీలోంచి సముద్రం కనపడాలి, కానీ గాలి తగలకూడదు. ఒకరికి బాత్‌రూమ్ క్యాబిన్ లోపలే ఉండాలి. ఒకరు రైస్ కుక్కర్ తెస్తామంటారు, అక్కడ ప్లగ్ పాయింట్లు ఎన్నున్నాయో నన్నే కనుక్కోమంటారు. మా ఆయన ముందు "నీ ఇష్టం" అంటాడు, బుక్ చేశాక "ఇదెందుకు చేశావ్" అంటాడు. వాట్సాప్ గ్రూపులో నేను ప్రశ్న వేస్తే జవాబు రాదు, బొటనవేలు బొమ్మ వస్తుంది. ఆ బొటనవేలుకి అర్థం అవునా, కాదా, చూశామనా? ఆ రోజుల్లో ఎవరు నన్ను పలకరించినా కరిచేలా ఉండేదాన్ని. ఇది సాకు కాదు. సాకేనేమో. చదివి మీరే చెప్పుకోండి.

వసుంధర మెల్‌బోర్న్‌లోనే, ట్రుగనీనాలో ఉండేది. ఊరు హనుమకొండ. ఒక చైల్డ్‌కేర్ సెంటర్ వంటగదిలో పని. అంతకు ముందు ఏడాదే భర్తతో విడిపోయింది. పదేళ్ల కూతురు నిత్య ఆమె దగ్గరే ఉండేది. జంటగా ఉన్నన్నాళ్లూ వాళ్లను అందరం పిలిచేవాళ్లం. విడిపోయాక ఎవరం పిలవలేదు. పిలవకూడదని ఎవరూ అనలేదు. అలా జరిగిపోయిందంతే.

ఒక పుట్టినరోజు పార్టీలో ఆమె నా పక్కన కూర్చుంది. ఈ ప్రయాణం మాట వచ్చింది. నోటి మర్యాదకి, "మీరూ రండి వసుంధరా" అన్నాను. రాదనుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. మర్నాటి నుంచి ఫోన్లు. "అక్కా, దుప్పట్లు వాళ్లే ఇస్తరా? అక్కా, అంత దూరం నేను డ్రైవ్ చెయ్యగలనా? అక్కా, నిత్యకు ఈత రాదు, పర్వాలేదా?" ఒక్కో ప్రశ్నా న్యాయమైనదే. ఒక్కోదానికీ పళ్లు నూరుకునేదాన్ని.

ఈలోగా లావణ్య, మా గుంపులో నాకు దగ్గరి స్నేహితురాలు, ఫోన్ చేసి, "ఆవిడొస్తే నాలుగు రోజులూ ఆ డివోర్స్ గోలే కదే. మనం వెళ్లేది రిలాక్స్ అవడానికి" అంది. తప్పంతా లావణ్య మీదికి తోసెయ్యాలని చాలాసార్లు ప్రయత్నించాను. తోస్తే వెళ్లదు. ఆమె ఒక మాట అంది. పని చేసింది నేను.

రెండో రాత్రి ఉండాల్సిన పార్కుకి ఫోన్ చేశాను. మా మూడు కుటుంబాలకూ క్యాబిన్లు అప్పటికే ఉన్నాయి. ఇంకొకటి ఉందా అని అడిగాను. ఆఫీసులో ఉన్నావిడ చాలా మంచిగా మాట్లాడింది. ఒకటే మిగిలిందట. మా మూడింటి పక్కదే, కంచె వారనున్నది. సాయంత్రం దాకా ఆపి ఉంచుతానంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో ఏం ఆలోచించానని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. పెద్దగా ఏమీ ఆలోచించలేదు. వద్దన్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

తర్వాత వసుంధరకు ఫోన్ చేసి, "క్యాబిన్లన్నీ అయిపోయాయమ్మా, టెంట్ వేసుకునే చోటొక్కటే ఉందిట. చిన్నపిల్లతో నీకు కష్టం. వచ్చేసారి చూద్దాం" అన్నాను. గొంతులో బాధ కూడా పలికించాను. అది అంత సులువుగా ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అయ్యో, నువ్వు పరేషాన్ కాకు అక్కా," అంది. "టెంట్‌ల ఉంటం. నిత్య ఇంకా ఖుషీ అయితది."

ఆమె టెంట్ కొంది. ఇంటి వెనకాల గడ్డిలో వేసి, తీసి, మళ్లీ వేసి, తల్లీకూతుళ్లు దాని ముందు నిలబడి దిగిన ఫోటో నాకు పంపింది. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

బయల్దేరాం. మొదటి రోజు ఎండ, ఆ రాత్రి వాళ్లు టెంట్‌లో హాయిగానే పడుకున్నారు. లావణ్య అన్నట్టేమీ జరగలేదు, ఆమె డివోర్స్ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. దారిలో ఆగిన ప్రతిచోటా డబ్బాలోంచి సకినాలు తీసి అందరికీ పెట్టింది. లావణ్య రెండుసార్లు అడిగి తీసుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి మొదలైంది. ఆ తీరంలో గాలి మొదలైతే అది వాన కోసమే. పార్కుకి చేరేసరికి మబ్బు కమ్మింది. గాలిదిండు దగ్గర పిల్లలెవరూ లేరు. వాతావరణం చూసి చాలామంది ప్రయాణాలు మానుకున్నట్టున్నారు. కంచె వార క్యాబిన్ ఖాళీగా ఉంది. కిటికీ తెరలు తీసే ఉన్నాయి, లోపల పరుపు మీద తెల్లటి దుప్పటి మడతపెట్టి కనపడుతోంది.

వసుంధర ఒక మేకు కొడుతుంటే ఇంకోటి ఊడుతోంది. మా ఆయన వెళ్లి సాయం చేస్తున్నాడు. నిత్య నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, దట్ వన్ ఈజ్ ఎంప్టీ. వై కాన్ట్ వీ స్టే దేర్?"

"అది ఎవరో బుక్ చేసుకున్నారమ్మా. దారిలో ఉన్నారేమో."

"సో దే ఆర్ కమింగ్?"

"వస్తారు."

"ఓకే," అని వెళ్లిపోయి వాళ్లమ్మకు తాడు పట్టుకుంది.

పార్కు ఆఫీసు అప్పటికి ఇంకా తెరిచే ఉంది. నేను నిలబడ్డ చోటికి కనపడుతోంది కూడా. లోపల దీపం వెలుగుతోంది. వెళ్లి అడిగితే ఆ క్యాబిన్ ఇచ్చేసేవాళ్లు. ఎందుకు వెళ్లలేదు? ఆ ఆఫీసావిడ, "ఆ రోజు మీరే కదా వద్దన్నారు" అంటుందేమోనని. మా ఆయన ముందు, వసుంధర ముందు అంటుందేమోనని. మొదటి అబద్ధం విసుగులో చెప్పాను, ఒప్పుకుంటాను. రెండోది పరువు కోసం చెప్పాను. ఎదురుగా పిల్ల నిలబడి అడుగుతుంటే చెప్పాను. ఈ రెండోదే నన్ను వదలదు.

మా క్యాబిన్‌లో సోఫా మీద పడుకోమని అన్నాను. అన్నానే కానీ గట్టిగా అనలేదు. "మీకెందుకు తిప్పలు అక్కా" అని టెంట్‌లోకి వెళ్లిపోయింది.

పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. నిత్య వానలో తడిసి నిలబడి ఏడుస్తోంది. రాత్రి టెంట్ కూలిపోతే ఇద్దరూ కారులోనే పడుకున్నారట. తెల్లారాక పిల్లను స్నానాల గది వైపు తీసుకెళ్తుంటే తడి గడ్డిలో టెంట్ తాడు కాలికి తగిలి వసుంధర పడింది. బురదలో కూర్చుని కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

దగ్గర్లోని ఊరి హాస్పిటల్‌కి నేనే డ్రైవ్ చేశాను. ఎముక విరిగింది. కట్టు వేశారు. అక్కడ కూర్చున్నంతసేపూ ఆమె నాకు సారీ చెప్తూనే ఉంది, అందరి ట్రిప్పూ ఖరాబు చేశానని. ఆపమని కసిరాను. ఆమె దాన్ని ప్రేమ అనుకుంది.

తర్వాతిదంతా చెప్పడానికే సిగ్గు. ఆ చేత్తో వంటగదిలో ఏం పని చేస్తుంది? ఆమెది పిలిచిన రోజే పని, వెళ్లకపోతే జీతం లేదు. కొన్ని వారాలు ఇంట్లోనే ఉంది. కారు నడపలేదు. ట్రుగనీనాలో కారు లేకపోతే పాలపాకెట్ కూడా తెచ్చుకోలేం. నేను రోజూ వెళ్లాను. నిత్యను స్కూల్లో దింపాను, కూరలు చేసి ఇచ్చాను, నిత్యకు జడ కూడా వేశాను. మా గుంపులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. సొంత చెల్లెలికి కూడా ఎవరూ ఇంత చెయ్యరని లావణ్య అంది. నేను తలవంచుకుంటే అది వినయమనుకున్నారు. చేసిన ప్రతి పనీ తప్పును తగ్గిస్తుందనుకున్నాను, మంచిపేరు పెరిగింది, తప్పు ఉన్నచోటే ఉంది.

చెప్పెయ్యాలని అనుకోలేదా? అనుకున్నాను. కట్టు విప్పిన రోజు అనుకున్నాను. ఆమె ఉద్యోగం దొరికి సిడ్నీ వైపు బ్లాక్‌టౌన్‌కి వెళ్లిపోయే రోజు, సామాను ఎక్కిస్తూ అనుకున్నాను. నోటిదాకా వచ్చేది. ఆమె నవ్వేది. నేను మింగేసేదాన్ని.

ఎందుకు చేశానసలు? ఆమె ప్రశ్నల వల్ల అనుకున్నాను చాలాకాలం. అదీ అబద్ధమే. ఆ ఏడాది మా ఇంట్లోనూ మాటలు తగ్గిపోయాయి. నేనూ మా ఆయనా పిల్లల ద్వారానే కబురు పంపుకునేవాళ్లం. వసుంధర పక్కన కూర్చుంటే నాకు భయమేసేది. విడిపోవడం కూడా చెయ్యగల పనేనని, చేశాక సకినాలు చేసుకుని, టెంట్ కొనుక్కుని, నవ్వుతూ బతకొచ్చని ఆమెను చూస్తే అర్థమయ్యేది. ఆమెను నాలుగు రోజులు కళ్లెదుట పెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది నాకు ఈమధ్యే తెలిసింది. ముందే తెలిసుంటే క్యాబిన్ తీసుకునేదాన్నా? నమ్మకం లేదు.

పోయిన వారం ఫోన్‌లో వసుంధర గొంతు హుషారుగా ఉంది. నిత్య యూనివర్సిటీలో చేరబోతోందట. దానికంటే ముందు మళ్లీ ఒక ట్రిప్ వెయ్యాలట, ఈసారి సిడ్నీ నుంచి తీరం పట్టుకుని ఉత్తరానికి.

"ప్లాన్ నువ్వే చెయ్యాలె అక్కా. అప్పుడు మమ్మల్ని ఎవ్వరు పిలువలే. నువ్వొక్కదానివే పిలిచినవ్. చెయ్యి విరిగితే విరిగింది గానీ, ఆ ట్రిప్ నుంచే నాకు మళ్ల మనుషుల్ల పడ్డట్టయింది."

నేను సరేనన్నాను. ఇంకేమనాలి? అలా అన్న మనిషికి, నిన్ను రానివ్వకూడదనే చూశాను అని ఎలా చెప్పను? చెప్తే నా బరువు దిగుతుంది, ఆమె దాచుకున్న ఒక్క మంచి జ్ఞాపకమూ పోతుంది. చెప్పకపోతే ఆమె బాగుంటుంది, నా మంచిపేరూ బాగుంటుంది. చూశారా, ఏ వైపు తిప్పినా చివరికి నాకు లాభమే తేలుతోంది. ఇంత చిరాకు పుట్టించే లెక్క ఇంకోటి లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోది కాదు. వసుంధర ఎప్పటికైనా వింటుందో లేదో, విని ఏమంటుందో నాకు తెలియదు. మా ఆయన పక్కగదిలో టీవీ చూస్తున్నాడు, ఆయనకూ తెలియదు. ఈ మాటలు ఇంతవరకూ నేను గొంతు విప్పి అనలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టాక బరువు కాస్త కిందికి దిగుతోంది. హాయిగా ఉంది. ఇంత హాయి నాకు దక్కకూడదు. అయినా ఉంది, అబద్ధం చెప్పను.