రాళ్లవాగు బడిలో తలల లెక్క

2023 మార్చి చివరి వారం. ఒంటిపూట బడులు మొదలై పది రోజులైంది. మణుగూరు పట్టణపు అంచున, బొగ్గు లారీలు తిరిగే రోడ్డుకు ఇవతల రాళ్లవాగు కాలనీ అనే వాడ ఉంది. ఒకప్పుడు అక్కడ ఇరవై ఇళ్లుండేవట. గనుల్లో కాంట్రాక్టు పనికి వచ్చినవారు, చర్ల వైపు అడవి పల్లెల నుంచి దిగివచ్చినవారు చేరి, ఇప్పుడు సైకిలు తిప్పడానికి కూడా చోటులేనంత ఇరుకు సందులయ్యాయి. ఆ వాడంతటికీ ఒకటే ప్రభుత్వ పాఠశాల. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు, ఐదు గదులు.

నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. అప్పటికి పదకొండేళ్లుగా పాఠశాలల ధ్రువీకరణ పని చేస్తున్నాను. ఈ పనిలో రెండు అంశాలుంటాయి. మొదటిది ఎన్‌రోల్‌మెంట్, అంటే బడి తన రిజిస్టరులో చూపే పిల్లల సంఖ్య. రెండోది కెపాసిటీ, అంటే ఆ భవనంలో నిజంగా ఎంతమంది కూర్చోగలరన్నది. మొదటిది రెండోదాన్ని మించితే అదనపు గదులు అడుగుతారు. అడిగినప్పుడు నాలాంటివాణ్ణి పంపుతారు.

రాళ్లవాగు బడి చూపిన సంఖ్య రెండు వందల ఎనభై ఆరు. గదులను నేనే టేపు పెట్టి కొలిచాను. ఒక్కొక్కటి ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఒక పిల్లకు ఒక చదరపు మీటరు చొప్పున గదికి ముప్పై ఆరుగురు, మొత్తం నూట ఎనభై మంది. చూపిన సంఖ్య నిజమైతే నూట ఆరుగురికి చోటు లేదు, మూడు గదులు కట్టాలి. అబద్ధమైతే గదులు రావు. పైగా ప్రవేశాలను నూట ఎనభైకి పరిమితం చేసి, మిగిలినవారిని లారీల రోడ్డు అవతలి బడికి పంపమని ఉత్తర్వు సిద్ధంగా ఉంది. ఆ రోడ్డు దాటడమంటే ఏమిటో అక్కడి తల్లులకు తెలుసు. ఏది జరగాలన్నా నా నివేదిక మీదే ఆధారపడి ఉంది.

నేను మొదటి నుంచీ నమ్మలేదు. మా పనిలో ఘోస్ట్ ఎంట్రీ అనే మాట ఉంది: పేరు ఉంటుంది, పిల్లవాడు ఉండడు. అంతకు ముందు మరోచోట ఒక బడివారు తనిఖీ రోజున పక్క ఊరి పిల్లలను ఆటోల్లో తెచ్చి కూర్చోబెట్టారు. ఉదయం ఒక బడిలో చూసిన కుర్రవాడే మధ్యాహ్నం ఇంకో బడిలో కనిపించాడు. చొక్కా మార్చారు గాని, మోచేతి మీది పుండుకు కట్టిన పచ్చ గుడ్డను మార్చడం మరిచారు. అలాంటివి చూశాక మనిషి మాట మీద గౌరవం ఉంటుంది, నమ్మకం ఉండదు.

ఎనిమిది గంటలకు బడి గంట కొట్టారు. మా నియమం ప్రకారం హెడ్ కౌంట్, అంటే తలల లెక్క, గంట కొట్టిన గంటలోపు ముగియాలి. లెక్కపెట్టాను. నూట ముప్పై ఒక్కరు.

ప్రధానోపాధ్యాయురాలు సుగుణమ్మ ములకలపల్లి దగ్గరి కోయ కుటుంబంలో పుట్టినామె. యాభై దాటిన మనిషి, గొంతు పెంచని మనిషి.

"ఇప్పపువ్వు పడే దినాలు సార్. పిల్లలు తెల్లారంగ అడవికి పోతరు, ఏరుకొని తొమ్మిదిన్నరకల్ల వస్తరు. గీ నెల రోజులు గట్లనే ఉంటది" అన్నది.

"టీచర్ గారూ, నేను వెళ్లిన ప్రతి బడిలోనూ ఆ రోజే ఏదో ఒకటి ఉంటుంది. పెళ్లి, జాతర, జ్వరం. పువ్వు మాత్రం ఇదే మొదటిసారి."

ఆమె నవ్వలేదు. "ఉండి సూడుండ్రి" అన్నది.

ఉన్నాను. తొమ్మిదింబావు నుంచి పిల్లలు గుంపులుగా రావడం మొదలైంది. చేతులకు జిగురు, బట్టలకు ఆ పువ్వు మత్తు వాసన. గదులు నిండాయి, వరండా నిండింది, రేకుల షెడ్డు నిండింది. ఒక గదిలో రెండు తరగతులు వీపులు ఆనించుకుని రెండు గోడల వైపు తిరిగి కూర్చున్నాయి. లెక్కపెట్టబోతే కొందరు నీళ్లకు లేచారు, కొందరు తరగతి మారారు. ఒకే పిల్లను రెండుసార్లు లెక్కపెట్టలేదని నేను చెప్పలేను. వీరంతా ఈ బడివారేనని అంతకన్నా చెప్పలేను.

"ఇలా కుదరదు. రేపు ఎనిమిదికి అందరూ ఒకేసారి ఆవరణలో ఉండాలి. లేనివారిని లేనట్టే రాస్తాను" అన్నాను.

అక్కడే నిలబడి ఉన్న సోమమ్మ అనే తల్లి గంప దించింది. ఆమె పిల్లలు ముగ్గురూ అదే బడిలో చదువుతున్నారు.

"ఏంది సారూ, పువ్వుకు గూడ సెలవు చీటీ రాపియ్యాల్నా? పొద్దెక్కితే పసులు తింటయ్, ఎండకు వాడిపోతది. ఒక్క పొద్దు పోతే మళ్లొస్తదా?"

"నాకు తెలుసమ్మా, కానీ నియమం..."

"నీకేం తెల్సు? నువ్వు ఎన్నడన్న వంగి ఏరినవా?"

ఏరలేదని ఒప్పుకున్నాను. నా కొలత కోసం ఆ వాడ, ఎండబెట్టి అమ్ముకునే పువ్వును ఒక ఉదయమంతా వదులుకోవాలి. కష్టమనిపించింది గాని మాట మార్చుకోలేదు. సందేహంతో సంతకం పెట్టడం నాకు రాదు.

మరునాడు ఏడున్నరకే సందుల్లోంచి వరుసలు కదిలాయి. తల దువ్వుకుని, నూనె రాసుకుని, చిన్నవాళ్లను పెద్దవాళ్లు పట్టుకుని వస్తూనే ఉన్నారు. ఆవరణలో సుద్దగీతల మీద పదేసి మందిని కూర్చోబెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ రెండు వందల ఎనభై నాలుగే. మిగిలిన ఇద్దరికి జ్వరమన్నారు. వారి ఇళ్లకూ వెళ్లాను. ఒక తండ్రి నన్ను ఎగాదిగా చూసి, "థర్మామీటరు తెచ్చినవా సారూ? లేకుంటే పక్కింట్లడిగి తెస్త, నువ్వే పెట్టి సూడు" అన్నాడు. పిల్లవాడు నిజంగానే దుప్పటి కింద వణుకుతున్నాడు.

సంఖ్య సరిపోయింది. పిల్లలు ఈ బడివారేనా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దానికి నేనొక క్రాస్ చెక్, అంటే ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూసే పద్ధతి, సిద్ధం చేసుకుని వచ్చాను. రిజిస్టరు నుంచి యాదృచ్ఛికంగా ముప్పై మందిని ఎంచుకుని, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రెండే ప్రశ్నలు అడుగుతాను: నీ ఎడమ పక్కన ఎవరు కూర్చుంటారు, కుడి పక్కన ఎవరు? ఆ తరువాత వారు చెప్పిన పక్కవారిని పిలిచి అదే అడుగుతాను. అరువు తెచ్చిన పిల్లకు పేరు నేర్పవచ్చు, తండ్రి పేరు నేర్పవచ్చు. ఇంతమందికీ ఇరుపక్కలా సరిపోయే పొరుగును ఒక రాత్రిలో నేర్పలేరు.

జవాబులు ఒకదానిలో ఒకటి అమరాయి. కాగితం మీద తరగతులు వరుస వరుసగా వాటంతటవే ఏర్పడుతుంటే స్ఫటికం పెరుగుతున్నట్టు అనిపించింది. పదిహేడో పిల్ల నాలుగో తరగతి లక్ష్మి. ఎడమ పక్కన గోడ అన్నది.

"కుడి పక్కన?"

"దేవె."

రిజిస్టరులో దేవె లేదు. మూడో తరగతిలో లేదు, ఐదులో లేదు, ఎక్కడా లేదు. నిజం చెప్పాలి, నాకు సంతోషం కలిగింది. దొరికిందనుకున్నాను. దేవెకు అవతల ఎవరని అడిగితే మల్లీశ్వరి అన్నది. మల్లీశ్వరిని పిలిచాను. ఆమె కూడా తన ఎడమ పక్కన దేవె ఉంటుందని చెప్పింది. ముప్పై మందీ పూర్తయ్యేసరికి రిజిస్టరులో లేని పేర్లు ఆరు నా కాగితం మీద ఉన్నాయి.

నేను వెతుకుతున్నది పేరుండి మనిషి లేని పిల్లలను. ఇక్కడ మనిషి ఉండి పేరు లేదు.

సుగుణమ్మ ముందు ఆ కాగితం పెట్టాను. ఆమె ఒక్కో పేరు మీదా వేలు పెట్టి చదివింది.

"రాయలేదు సార్. అవతలి రాష్ట్రం నుంచి వచ్చినోళ్ల పిల్లలు. గుట్ట ఎనక గుడిసెల్లో ఉంటరు. పుట్టిన కాగితం లేదు, ఆధార్ లేదు. ఆన్‌లైన్ల పేరు ఎక్కదు. అట్లని ఎల్లగొడ్తమా? కూసోబెట్టుకున్న."

"అన్నం?"

"అందరి కంచాలల్ల ముద్ద తగ్గుద్ది. అంతే."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు దొంగపేర్లు పట్టటానికొచ్చిండ్రు. కాగితం లేని పేర్లు సూపిస్తే ఉన్న పేర్లను గూడ నమ్మరని భయమైంది. ఇయ్యాల రావొద్దని పంపిచ్చిన."

"మరి మిగతా పిల్లలకు ఆ పేర్లు చెప్పవద్దని ఎందుకు చెప్పలేదు?"

ఆమె మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "అబద్ధమాడుమని పిల్లలకెట్ల జెప్పాలె సార్?"

వాళ్లిప్పుడు ఎక్కడున్నారని అడిగాను. జవాబు గడప దగ్గర నిలబడి వింటున్న సోమమ్మ చెప్పింది. "రా సారూ, సూపిస్త. కాని చెప్పులు గట్టియి తొడుక్కో, నీ సోకు చెప్పులు తొవ్వకు ఆగయి."

బడి వెనుక గుట్ట దాటితే అడవి. పావుగంట నడక. ఆ ప్రాంతంలో ఇప్పచెట్లకు కంచెలుండవు, పట్టాలుండవు. అయినా ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. ఎవరి చెట్టు కింద వారే నేల ఊడ్చుకుంటారు, వారే ఏరుకుంటారు. ఇంకొకరి చెట్టు కింద పువ్వు ముట్టరు. కొత్తగా వచ్చిన ఆ గుడిసెలవారికి చెట్లు లేవు. మామూలు రోజుల్లో వారు కూలికి ఏరుతారు, లేదా చూస్తూ ఉంటారు.

ఆ ఉదయం చెట్టు చెట్టు కిందా వారే ఉన్నారు. పది పన్నెండు గుడిసెల పెద్దలు, వారి పిల్లలు. వాడవాళ్లంతా పిల్లలను తలల లెక్కకు పంపితే, వాడవాళ్ల పువ్వు వీరు ఏరుతున్నారు. ఏ చెట్టు పువ్వు ఆ చెట్టు మొదట్లోనే కుప్ప పోశారు. ఒక కుప్ప మరో కుప్పలో కలవలేదు. పశువులు రాకుండా ఒక్కో కుప్ప దగ్గర ఒక్కో పిల్ల కాపలా. గుట్ట వాలు పొడవునా, ఎండ పడే చోటల్లా, లేత పసుపు కుప్పలు వరుసగా మెరుస్తున్నాయి.

"మేమేం అడగలే సారూ" అన్నది సోమమ్మ. గొంతులో ఎకసెక్కం లేదు. "రాత్రి వాళ్లే అచ్చి చెప్పిండ్రు. మీ పిల్లలు లెక్కకు పోవాలె, మా పిల్లలకు లెక్క లేదు గదా, మేమేరుతం అని."

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూసుకోలేదు. కొలతలు నా వృత్తి. అయినా నా దగ్గరున్న ఏ కొలతా దానికి సరిపోలేదు. కట్టబోయే గదుల్లో తమ పేరు ఉండదని తెలిసినవారు, ఆ గదులు రావడానికి తెల్లవారుజాము నుంచి నడుము వంచి ఉన్నారు.

పని మాత్రం మానలేదు. లెక్కపెట్టాను. పిల్లలు ఇరవై ఐదుగురు. దేవె ఎవరని అడిగితే తొమ్మిదేళ్ల పిల్ల కుప్ప వదిలి రాకుండానే చేయెత్తింది.

"బడిలో నీ పక్కన ఎవరు?"

బడిలో నేర్చిన తెలుగులో, ఒక్కో మాట ఆగి ఆగి చెప్పింది. "ఇటు లక్ష్మి. అటు మల్లీశ్వరి." తరువాత ఏదో గుర్తొచ్చినట్టు, "లక్ష్మి మోచెయ్యి పెడ్తది. జాగ లేదు" అన్నది.

ఇరవై ఐదుగురినీ అలాగే అడిగి, వారు చెప్పిన ప్రతి పేరునూ బడికి తిరిగి వెళ్లి సరిచూశాను. ఒక్కటీ తప్పలేదు.

నివేదిక దగ్గర చిక్కు వచ్చింది. మా ఫారంలో బడి చూపిన సంఖ్య ఒక గడి, ధ్రువపడిన సంఖ్య ఒక గడి, తేడా ఒక గడి. రెండోది మొదటిదాన్ని మించగలదని ఫారం తయారుచేసినవారు అనుకోలేదు. చూపినది 286, ధ్రువపడినది 311 అని చేత్తో రాసి, ఎవరి పక్కన ఎవరన్న పటం మొత్తం జతచేశాను. కార్యాలయంలో నా పైఅధికారి ఫోను చేశాడు.

"ఏందయ్యా, ఇన్నేండ్లు కొట్టేసుడే తెల్సు నీకు. కలుపుడు ఎప్పటినుంచి?"

"సార్, లెక్క ఎటు పోతే అటే పోతాను."

"వాళ్లకు కాగితాలు లేవంటున్నవు."

"కాగితాలు లేవు. మూడొందల పదకొండు మంది కూర్చుంటున్నారు. గదులు కాగితాలకు కట్టడం లేదు కదా సార్."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తరువాత, "రూములెన్ని?" అన్నాడు.

రెండు వందల ఎనభై ఆరుకైతే మూడు గదులు. మూడు వందల పదకొండుకు నాలుగు. ఆ ఇరవై ఐదుగురి వల్ల రాళ్లవాగు బడికి ఒక గది ఎక్కువ రావాలి. ఉత్తరాలు తిరిగి తిరిగి, దాదాపు ఏడాదికి నాలుగూ మంజూరయ్యాయి. ఈలోగా కాలనీలో ఒక ఆధార్ శిబిరం పెట్టించగలిగాం. పిల్లల్లో పంతొమ్మిది మందికి పేర్లు ఎక్కాయి. ఆరుగురి సంగతి ఇంకా నడుస్తూనే ఉంది. వాళ్లు మాత్రం బడి మానలేదు.

ఈ పని నేర్చుకునే యువకులు అప్పుడప్పుడు నన్ను ఏమి చూడాలని అడుగుతారు. రిజిస్టరు తెరవండి, తలలు లెక్కపెట్టండి, ఎవరినీ నమ్మకండి అని ఇదివరకు చెప్పేవాణ్ణి. ఇప్పుడూ అదే చెబుతాను. రిజిస్టరు మూసేశాక పిల్లలను పక్కన ఎవరు కూర్చుంటారని కూడా అడగమంటాను.

రాళ్లవాగుకు ముందు పదకొండేళ్లలో నేను వందకు పైగా బడులను తనిఖీ చేశాను. సంఖ్య సరిపోయిన చోటల్లా తృప్తిగా సంతకం చేసి జీపు ఎక్కాను. సరిపోయిందన్న ఆ లెక్కల వెనుక, ఆ ఉదయం బడికి రావొద్దని చెప్పి పంపేసిన పిల్లలు ఎందరున్నారో నాకు తెలియదు. తెలుసుకునే పద్ధతి ఇప్పుడు నా దగ్గరుంది. ఆ ఉదయాలు మాత్రం తిరిగి రావు.